పంతొమ్మిది ఒకట్లు

పదింటికి నర్సు వచ్చి, "మీ అన్నయ్యగారిని పదకొండింటికి ఆపరేషన్‌కి తీసుకెళ్తాం, దానికి ముందు మీరొక్కరే వెళ్ళి అయిదు నిమిషాలు మాట్లాడొచ్చు" అని చెప్పి వెళ్ళిపోయింది. ఇంకా గంట. ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుని హాల్లో కుర్చీలు లెక్కపెట్టింది, గోడవారగా ఎనిమిది, మధ్యలో వీపులు ఆనించి రెండు వరసలు, వరసకు ఏడు, మొత్తం ఇరవై రెండు, అంటే రెండు పదకొండ్లు. కనబడిన ప్రతి సంఖ్యనూ విడగొట్టి చూడటం అన్నయ్య దగ్గర అంటుకున్న జబ్బు, బస్సు నంబరు, ఇంటి నంబరు, మందుల చీటీ మీది నంబరు, ఏదీ వదలదు. గుండెలో ఒక వాల్వు మార్చాలి. నాలుగు గంటలు పడుతుందట. వందలో తొంభై అయిదుగురు బాగానే బయటపడతారండీ అని మొన్న డాక్టరు చెబుతుంటే అన్నయ్య తల తిప్పి ఆమె వంక చూసి నవ్వాడు, తొంభై అయిదంటే అయిదు పంతొమ్మిదులు, ఆమెకూ నవ్వొచ్చింది, డాక్టరు మాత్రం తానేం తప్పు మాట్లాడానా అన్నట్టు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

సంచీలో మందుల కాగితాల మధ్య నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం ఉంది. నిన్న సాయంత్రం అన్నయ్య, అదేదో చిన్న పని చెబుతున్నట్టుగా, "బుల్లీ, మీ ఎదురింటి లెక్కల లెక్చరరు దగ్గర కంప్యూటరు ఉంటుందిగా, కంచె సంగతి ఒకసారి అడిగి రా, లోపలికెళ్ళే ముందు నాకు తెలియాలి" అన్నాడు. ముప్ఫై ఏడేళ్ళు పనిచేసిన దాని గురించి ఎవర్నీ ఒక్క మాట అడగని మనిషి. ఆమె వెళ్ళి అడిగింది. లెక్చరరు వయసు ఆమె కొడుకంత ఉంటుంది, కుర్చీ చూపించి, కంప్యూటరు ముందు కూర్చుని, ఒకటి మీద వేలు పెట్టి నొక్కుతూ పోయాడు, ఆమె పక్కనుంచి లెక్కపెట్టింది, పద్దెనిమిది దగ్గర ఆపేస్తే ఇంకొకటి బాబూ అని చెప్పింది. ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే జవాబు వచ్చింది. అంతసేపు కూడా కాదు. ఆ జవాబే ఈ కాగితం. చదువుకోవాల్సిన పని లేదు, అయినా పొద్దున్నించి మూడుసార్లు తీసి చూసింది, ప్రతిసారీ అక్షరాలు అక్కడే ఉన్నాయి.

కంచె అని పేరు పెట్టింది వదిన. పంతొమ్మిది ఒకట్లు పక్కపక్కన నిలబెడితే కర్రల కంచెలాగే ఉంటుంది కదా. వీధి గుమ్మంలోంచి ఎవరైనా మీ ఆయన ఉన్నారా అని పిలిస్తే, "ఉన్నారు, కంచె దగ్గర" అనేది, వచ్చినవాళ్ళు పాపం పెరట్లోకి తొంగి చూసేవాళ్ళు. "మనిషికో పిచ్చి ఉంటుంది, మీ అన్నయ్యది చవక పిచ్చి, పెన్సిలు ముక్కతో పోతుంది" అని కూడా అనేది, అంటూనే పెన్సిళ్ళు తనే చెక్కి పెట్టేది, చెక్కిన పొట్టు చీర కొంగులో దులుపుకుని వెళ్ళి పారబోసేది. వదిన పోయి పదేళ్ళయింది. అప్పటినుంచి అన్నయ్య పెన్సిళ్ళు తనే చెక్కుకుంటున్నాడో లేక చెక్కాల్సిన అవసరమే లేదో ఆమె అడగలేదు. ఎదుటి వరసలో ఒకావిడ బిస్కెట్టు తుంచి సగం కూతురికి ఇచ్చింది, కూతురు దాన్ని మళ్ళీ సగం చేసి తల్లికి తిరిగి ఇచ్చింది, గోడ గడియారం పదీ పదమూడు.

మొదలైంది ప్రెస్సులో. అన్నయ్యకప్పుడు ఇరవై నాలుగు, కంపోజిటరు, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి స్టిక్కు అనే ఇనప పట్టీలో వరసగా పేర్చే పని. కొత్తగా అంకెల టైపు వస్తే, ఒకటి అంకె ఎత్తుపల్లాలు లేకుండా ఉందో లేదో చూద్దామని స్టిక్కు నిండా ఒకట్లే పేర్చాడు, సరిగ్గా పంతొమ్మిది పట్టాయి. సిరా పూసి, ఒక చీటీ మీద అచ్చు తీసి, బాగుందని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. అప్పుడు ఆమెకు పన్నెండేళ్ళు, నేల మీద బోర్లా పడుకుని కారణాంకాల లెక్కలు చేస్తోంది, ఏ సంఖ్యను ఏది శేషం లేకుండా భాగిస్తుందో రాయడం. చీటీ లాక్కుని, "దీన్ని ఏది భాగిస్తుంది?" అంది. అంతే. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ వాన వస్తుందా అని అడిగినట్టు అడిగిన మాట. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన అన్నయ్య, "చూద్దాం" అన్నాడు. ఆమె జవాబు కోసం ఆగను కూడా లేదు, లెక్కలు ముగించుకుని ఆడుకోవడానికి పోయింది. ఆయన చూస్తూనే ఉన్నాడు.

రెండు భాగించదు, చివర ఒకటి ఉంది కదా. అయిదూ అంతే. అంకెలన్నీ కూడితే పంతొమ్మిది, అది మూడుకు లొంగదు, కాబట్టి మూడూ పోయింది. ఏడుకు ఒక తమాషా ఉందని ఆయనే కనిపెట్టాడు, ఆరు ఒకట్లను ఏడు నిశ్శేషంగా భాగిస్తుంది, పన్నెండు ఒకట్లనూ, పద్దెనిమిది ఒకట్లనూ భాగిస్తుంది, పంతొమ్మిదో ఒకటి మాత్రం గుమ్మం బయట ఒంటరిగా మిగిలిపోతుంది. పదమూడుకూ అదే గతి, ముప్ఫై ఏడుకూ అదే. ఒకట్ల గుంపు పెద్దదయ్యేకొద్దీ విడగొట్టడం కష్టమనుకుంటే పొరపాటు, ఇరవై ఒకట్లయితే చిటికెలో పని, రెండేసి చొప్పున పదకొండ్లు. ఏడు ఒకట్లు చాలా రోజులు బిగుసుకుని కూర్చుని, ఒక ఆదివారం పొద్దున రెండు వందల ముప్ఫై తొమ్మిది దగ్గర విడిపోయాయి, రెండు వందల ముప్ఫై తొమ్మిదిని నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిదితో గుణిస్తే ఏడు ఒకట్లు. ఆ రోజు ఆయన గుణకారం వేసి చూపిస్తుంటే, ఎక్కడా ఒకటి కనబడని రెండు సంఖ్యల్లోంచి అంత బారుగా ఒకట్లు వచ్చి నిలబడటం చూసి ఆమెకు ఒళ్ళు జలదరించింది. పదకొండు ఒకట్లు కూడా విడిపోయాయి. పంతొమ్మిది విడిపోలేదు. విడిపోతుంది, ఎందుకు విడిపోదు అనేవాడు, ఎవరో అలిగి తలుపు గడియ పెట్టుకున్నట్టు, కాసేపాగితే వాళ్ళే తీస్తారన్నట్టు.

రోజుకు నాలుగు భాగహారాలు, ప్రధాన సంఖ్యలతో మాత్రమే. పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చిత్తు కాగితం మీద వేసి, నోటుబుక్కులో ఎడమవైపు భాగించిన సంఖ్య, కుడివైపు శేషం రాసుకుని, చిత్తు పారేసేవాడు. ఏడేళ్ళలో ఎనభై ఆరు వేల దాకా వచ్చాడు. అప్పుడు పాఠ్యపుస్తకం అచ్చుకు ఇవ్వడానికి ప్రెస్సుకు వచ్చిన ఒక లెక్కల మాస్టారు విషయం విని, కాసేపు గీసి చూసి, "నాయనా, దీన్ని భాగించేది ఏదైనా ఉంటే, దాన్ని ముప్ఫై ఎనిమిదితో భాగించినప్పుడు ఒకటి మిగిలి తీరాలి. అలాంటివి చూస్తే చాలు, మిగతావన్నీ దండగ" అన్నాడట. ఏడేళ్ళ నోటుబుక్కుల్లో పద్దెనిమిది లెక్కలకు ఒకటి మాత్రమే అవసరమైంది. ఆ మాట విన్న రోజు అన్నయ్య ఇంటికొచ్చి భోజనం చేసి, మళ్ళీ వడ్డించమని అడిగి మరీ తిని, "ఇకనుంచి పద్దెనిమిది రెట్లు వేగం, బుల్లీ" అన్నాడు. దండగ అనే మాట ఆయన చెవికి ఎక్కనేలేదు, లేకపోతే ఎక్కనివ్వలేదు. ఇంతకీ ఆమె ఎందుకు ఇదంతా ఇప్పుడు వరసగా గుర్తు తెచ్చుకుంటోంది, వరసలో తర్వాత వచ్చేదాన్ని దాటి పోవడానికి వీల్లేకుండా.

తర్వాత వచ్చేది చెయ్యి. ఆ నెలలోనే అన్నయ్య కుడిచేతి రెండు వేళ్ళు కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రంలో పడి నలిగాయి. ఆరు వారాల కట్టు. ఆమెకు పంతొమ్మిది, టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరుగా కొత్తగా చేరింది. వదిన చేత నలభై సంఖ్యలు ఎడమవైపు రాయించి నోటుబుక్కు ఆమెకు ఇచ్చాడు, "డ్యూటీలో ఖాళీ ఉన్నప్పుడు వెయ్యి, శనివారానికి చాలు." ఆ వారం ఖాళీ ఉంది. కానీ పక్క బోర్డు దగ్గర ఒకతను ఉన్నాడు, ట్రైనింగుకు వచ్చినవాడు, శనివారం సాయంత్రం ఆరింటి బండికి వెళ్ళిపోతాడు. మాట్లాడుకోవడానికి ఎన్ని విషయాలు ఉన్నాయో, ఇప్పుడు ఒక్కటి కూడా గుర్తులేదు, అతను నవ్వేముందు ఎడమ కనుబొమ్మ ఒక్కటే ఎత్తేవాడు, అది ఉంది. శనివారం అయిదుకు నోటుబుక్కు తెరిస్తే కుడివైపు నలభై గడులూ ఖాళీ. లక్ష దాటాక మొదటిది, లక్షా నూట అరవై తొమ్మిది. ఆమె ఒక్క క్షణం ఆగింది, ఆ క్షణం మాత్రం ఉందని ఆమె ఎప్పుడూ ఒప్పుకుంటుంది, తర్వాత దాని పక్కన ఫైరింజను ఆఫీసు ఫోను నంబరు రాసింది. అయిదంకెలు, చూడటానికి అచ్చం శేషంలాగే ఉంది. దాని కింద ఆస్పత్రి నంబరు, దాని కింద సినిమా హాలు, కరెంటాఫీసు, మునసబు కోర్టు, బట్టల కొట్టు, ఆపరేటరుకు ఊరంతా కంఠతా కదా, ఇరవై నిమిషాల్లో నలభై నిండాయి. స్టేషనుకు పరిగెత్తింది. అతను ఉన్నాడు. వాళ్ళ పెద్దమ్మ కూడా ఉంది, సామాను మీద కూర్చుని. ఇద్దరూ రైలు సకాలానికే వచ్చిందనే విషయం మాట్లాడుకున్నారు. బండి కదిలింది. ఉత్తరాలేవీ రాలేదు, ఆమె కూడా రాయలేదు, రెండేళ్ళకు వేరే ఆయనతో పెళ్ళయి బాగానే గడిచింది, ఆయన ఇవాళ మధ్యాహ్నం ఆస్పత్రికి వస్తానన్నాడు. ఆ సాయంత్రం నోటుబుక్కు ఇస్తే అన్నయ్య ఎడమ చేతి వేలితో పేజీ కిందిదాకా నిమిరి, "నా రాత కంటే ఎంత ముద్దుగా ఉందో" అన్నాడు. మళ్ళీ వేసి చూడలేదు. చూడటమంటే చెల్లెల్ని అనుమానించడమే అనుకుని ఉంటాడు.

రేపు వేసి సరిదిద్దుదాం అనుకుంది. ఆ రేపు ముప్ఫై తొమ్మిదేళ్ళయింది. మొదట్లో ఏమీ అనిపించేది కాదు. ఆయన లక్షలు దాటుతున్నకొద్దీ, రెండు లక్షలు, పది లక్షలు, నలభై లక్షలు, సంఖ్య తలుపు తీయనికొద్దీ, ఒక అనుమానం గోడలో చెమ్మలా పాకింది. అది ఆ నలభైలోనే ఉందేమో. ఎక్కడో కరెంటాఫీసు నంబరు ఉండాల్సిన చోట నిజానికి సున్నా ఉందేమో. ఆయన దాన్ని ఎప్పుడో దాటేసి, వెనక వదిలేసిన దానికోసం ముందుకు వెతుక్కుంటూ పోతున్నాడేమో, దానికి కారణం కనుబొమ్మ ఎత్తే ఒక మనిషేమో. పిల్లల పుట్టినరోజుల్లో, ప్రయాణాల్లో, ఒకసారి పన్ను పీకించుకుంటూ కూడా ఆ ఆలోచన వచ్చింది. కూర్చుని వేస్తే నాలుగు రోజుల పని, అది తెలుసు. వేస్తే సున్నా వస్తుందని భయం, అదీ తెలుసు. ఆయన అరవై ఒకటో ఏట, కళ్ళు మసకబారి, కోటి దగ్గర ఆగిపోయాడు.

నిన్న లెక్చరరు అన్నాడు, "ఇది ప్రధాన సంఖ్యండీ. ఒకటీ, అదీ తప్ప ఇంకేదీ దీన్ని భాగించదు. వందేళ్ళ కిందటే ఎవరో రుజువు చేసేశారు. పంతొమ్మిది ఒకట్లు, ఇరవై మూడు ఒకట్లు, ఆ తర్వాత మూడు వందల పదిహేడు ఒకట్ల దాకా అలాంటిది లేదు." ఆమె ఇంకో మాట అడిగింది, చేత్తో వేసుకుంటూ పోతే ఎప్పటికి తేలేది అని. "నూట అయిదు కోట్ల దాకా చూడాలండీ. అలాంటివి ముప్ఫై లక్షలుంటాయి. రోజుకు నాలుగంటే..." అతను కాసేపు లెక్కవేసి, "రెండు వేల యాభై ఏళ్ళు" అని, నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు. నిజం చెప్పాలంటే ఆమెకు అప్పుడు మొదట వచ్చిన ఆలోచన అన్నయ్య గురించి కాదు. నా నలభైలో లేదు, అదీ ఆలోచన. ఒంట్లోంచి ఏదో బరువు దిగి, మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిపోయాయి. గేటు దాటాకగానీ ఆయన గుర్తు రాలేదు. ఆ తర్వాత ఇంకో వింత తట్టింది. ఆమె రాసిన నలభై శేషాలూ అబద్ధాలు, కానీ వాటినుంచి అన్నయ్య తీసుకున్న నలభై తీర్మానాలూ నిజాలు, భాగించదు, భాగించదు, భాగించదు. ఆమె అబద్ధానికి ఆ సంఖ్యే వచ్చి సాక్ష్యం చెప్పింది. ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. మరి ఆయనకేం చెప్పాలి? ఎవరో ఎప్పుడో తేల్చి పక్కన పెట్టినదాని చుట్టూ నువ్వు తిరిగావు అని, గుండె కోయడానికి ముందు చెబుతారా? కంప్యూటరు పాడైందని చెప్పొచ్చు. లెక్చరరు ఊళ్ళో లేడనొచ్చు. పదీ నలభై ఎనిమిది. బిస్కెట్టు ఆవిడ, కూతురు ఎప్పుడో లేచి వెళ్ళిపోయారు. నర్సు తలుపు తెరిచి చెయ్యి ఊపింది.

అన్నయ్య తలకు ఆకుపచ్చ టోపీ పెట్టారు. ఛాతీ నున్నగా గీశారు, ఆయన చిన్నగా, ఎవరో తెలియని మనిషిలా కనిపించాడు. కళ్ళు మాత్రం ఆయనవే.

"ఏమన్నాడు?"

"ప్రధాన సంఖ్యేనట అన్నయ్యా. ఏదీ భాగించదట."

"ఖాయంగా చెప్పాడా?"

"ఖాయమే. వందేళ్ళ కిందటే ఎవరో రుజువు చేశారట." దాచుదామనుకున్న మాట ముందు బయటపడింది.

"వందేళ్ళా!" ఆయన నవ్వాడు, నవ్వుకు ఛాతీ మీద అంటించిన తీగలు కదిలాయి. "నేను పుట్టకముందే? చూశావా, ఒక్కడూ చెప్పలేదు."

"నువ్వు ఎవర్నీ అడగలేదుగా."

"అడిగితే చెప్పేస్తారని. నాకెప్పుడో తెలుసు బుల్లీ, నా ఆయుష్షు చాలదని. గుబులు అది కాదు. కళ్ళు మసకలు కమ్మిన రోజుల్లో చాలా వేశాను కదా, ఎక్కడో సున్నా వచ్చి ఉంటుంది, నేను చూసుకోకుండా దాటి వచ్చేసి ఉంటాను అని. పదేళ్ళుగా అదే నలుగుతోంది. అయితే ఒక్కటి కూడా జారవిడవలేదన్నమాట. నావాటిలో తప్పు లేదు. నువ్వు వేసిన నలభైలోనూ తప్పు లేదు."

ఆమె ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి, నర్సు తలుపు దగ్గర ఉంది, టైము లేదు, ఆయన మొహం ప్రశాంతంగా ఉంది.

"అవి నేను వేయలేదు అన్నయ్యా."

"ఏవి?"

"ఆ నలభై. వేయకుండా శేషాలు రాసేశాను. ఫోను నంబర్లు."

"ఎవరి ఫోను నంబర్లు?"

"ఊళ్ళోవాళ్ళవి. మొదటిది ఫైరింజను ఆఫీసుది."

అన్నయ్య మొహం ఎర్రబడింది. ఆమె పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళు ఆలస్యంగా వచ్చినప్పుడు కూడా ఆయనకింత కోపం రాలేదు. "వాటిలో నిజంగా సున్నా ఉండి ఉంటే? ఏం చేసేదానివి? చెప్పు, ఏం చేసేదానివి?"

"తెలీదు."

పక్కనున్న యంత్రం గబగబా కూయసాగింది. నర్సు వచ్చి, "పెద్దాయనా, టెన్షను పడకూడదు" అంది.

"టెన్షను కాదమ్మా, లెక్క" అని, ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఆ జాబితా గుర్తుందా?"

"మొదటిది గుర్తుంది. లక్షా నూట అరవై తొమ్మిది."

"అక్కణ్ణించి ముప్ఫై ఎనిమిది చొప్పున కలుపుకుంటూ పో. ప్రధానం కానివి వదిలెయ్. నలభయ్యీ వెయ్యి."

"ఏదీ భాగించదని తేలిపోయిందిగా అన్నయ్యా, ఇప్పుడు వేసి..."

"అది వాళ్ళు తేల్చింది. నా పుస్తకంలో ఫైరింజను ఉండటానికి వీల్లేదు." స్ట్రెచరు కదిలింది. తలుపు దాటుతుండగా ఆయన గొంతు వినబడింది, "నేను లేచేసరికి అయిపోవాలి, చిత్తు పారేయకు, చూస్తాను."

రిసెప్షన్లో పెన్సిలు అడిగి తీసుకుంది. లెక్చరరు ఇచ్చిన కాగితం మడతలు విప్పి, వెనకవైపు ఖాళీగా ఉంటే, పంతొమ్మిది ఒకట్లు రాసి, ఒకసారి లెక్కపెట్టి, ఎడమపక్క లక్షా నూట అరవై తొమ్మిది రాసింది. చెయ్యి మరిచిపోయింది. మొదటిసారి మధ్యలో దారి తప్పి కొట్టేసింది. రెండోసారి మెల్లగా, ఒక్కో ఒకటినీ కిందికి దించుతూ, తీసివేస్తూ పోయింది, చుట్టూ ఎవరెవరో వస్తున్నారు, కూర్చుంటున్నారు, లేస్తున్నారు, గోడ అవతల ఒక గుండెను ఆపి యంత్రానికి అప్పగించే ఉంటారు ఈపాటికి, ఆమె ఆ ఆలోచన వచ్చినప్పుడు పెన్సిలు ఆపలేదు, ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. చివరి ఒకటి దించి, చివరిసారి తీసివేసింది. అయిదు వేల యాభై ఎనిమిది. నాలుగే అంకెలు. అలాంటి ఫోను నంబరు ఊళ్ళో ఎవరికీ ఉండేది కాదు. ఇంకోసారి వేసింది, మళ్ళీ అయిదు వేల యాభై ఎనిమిదే. దాని కింద గీత గీసి, ముప్ఫై ఎనిమిది కలిపి దాన్నీ వేసింది, ఇంకో ముప్ఫై ఎనిమిది కలిపితే అది మూడుకు లొంగింది, వదిలేసి మళ్ళీ ముప్ఫై ఎనిమిది కలిపింది. కాగితం నిండితే మందుల చీటీల వెనక రాసింది. అవీ నిండితే రిసెప్షను అమ్మాయి నాలుగు తెల్లకాగితాలు తెచ్చిచ్చింది. మధ్యాహ్నం భర్త వచ్చి, పక్కన కూర్చుని, ఏం చేస్తోందో చూసి, మంచినీళ్ళ సీసా మూత తీసి పెట్టాడు.

మూడున్నరకు ఎవరో ఎదురుగా నిలబడ్డారు. చెప్పుల మీద నీలం తొడుగులు కనిపించాయి.

"ఆయన చెల్లెలు మీరే కదా?"

"ఒక్క నిమిషం డాక్టరుగారూ" అంది ఆమె తలెత్తకుండా, ఒక తీసివేత సగంలో ఉంది. నాలుగు గంటలు నిలబడి వచ్చిన మనిషి ఇంకో నిమిషం నిలబడ్డాడు. శేషం రాసి, గీత గీసి, ఆమె లేచింది. భర్త ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"వాల్వు బాగా కూర్చుందండీ" అన్నాడు డాక్టరు. "భయం లేదు. సాయంత్రానికి స్పృహలోకి వస్తారు."

ఆమె కళ్ళు తుడుచుకుని చేతిలో కాగితాల వంక చూసింది. పదకొండు అయ్యాయి.

"సాయంత్రం అంటే ఎన్నింటికండీ?" అని అడిగింది. "నాకింకా ఇరవై తొమ్మిది ఉన్నాయి."